చలి నెలల్లో కొల్లేటి వేట

పుష్యమాసపు చలికి కొల్లేటి చేప మేత తగ్గించి లోతుకు దిగుతుంది. తెల్లవారుజామున గాలం వేస్తే చేతులు కొంకర్లు పోవడమే మిగులుతుంది. అందుకే అనుభవజ్ఞులు ఎండెక్కాకే ఎర గుచ్చుతారు. ఉదయమంతా వలల చిరుగులు కుట్టడం, మావులకు వెదురు బద్దలు అల్లడం. చలికాలంలో తగ్గేది పని కాదు, రాబడి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం. ఆ రోజులకు అక్కడి మత్స్యకారులకు ప్రభుత్వ భృతి ఉంది. చలికి చేప పడని రోజుల్లో లంక గ్రామాల వారికి అప్పే దిక్కు. దారానికి అప్పిచ్చిన వ్యాపారే చేపకు ధర కడితే బేరమెక్కడిది?

మత్స్యకార సహకార సంఘాలు కార్తీకంలోనే నైలాన్ దారం, వెదురు అరువివ్వాలి. వేట పుంజుకున్నాక వాయిదాలలో రాబట్టుకోవచ్చు. మత్స్యశాఖ అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించాలి.