థ్రెడ్డు పోతే ఇంజినే మార్చాలా?

థ్రెడ్డంటే జావా థ్రెడ్డు అనుకునేరు. కాదండీ, బోల్టు మర!

కడప నుంచి రాయచోటి వస్తుంటే గువ్వలచెరువు ఘాట్లో మా నాయన 1974 పద్మిని టప్పుమంది. బానెట్ ఎత్తితే ఒక స్పార్క్ ప్లగ్గు ఊడొచ్చి వైరుకు వేలాడుతోంది. ప్లగ్గు బాగానే ఉంది. అల్యూమినియం హెడ్డులోని మరలే పోయాయి.

మూడు సిలిండర్లతో కుంటుకుంటూ రాయచోటి చేరాం. మెకానిక్ చూసీ చూడగానే తేల్చేశాడు: "దీనికి హెడ్డు యాడ దొరుకుతాదన్నా? డీజిల్ ఇంజిన్ ఎక్కిచ్చేద్దాం." చుట్టూ ఉన్న నలుగురూ తలూపారు.

నాకు ఒళ్ళు మండింది. 14 ఎంఎం బెజ్జం పాడైతే ఇంజిన్ మొత్తం పారేయాలా? ఒక ఫంక్షన్లో బగ్గుందని ప్రాజెక్టంతా తిరగరాద్దామంటే మీ మేనేజర్ ఒప్పుకుంటాడా? (కొందరు ఒప్పుకుంటారు, అది వేరే కథ.)

దీనికి మందు ఎప్పటినుంచో ఉంది. పేరు హెలికాయిల్. పాడైన బెజ్జాన్ని కాస్త పెద్దది చేసి, కొత్తగా ట్యాప్ కొట్టి, అందులో స్టీలు తీగ చుట్టను బిగిస్తారు. లోపలి కొలత మళ్ళీ పాతదే, కాబట్టి అదే ప్లగ్గు పడుతుంది. బయట అల్యూమినియంకి పట్టు ఎక్కువ కాబట్టి పాత మరకంటే గట్టిగా ఉంటుంది. హెడ్డు దించి చేయడం మేలు, లేకపోతే రజను సిలిండర్లో పడుతుంది.

అసలు మర ఎందుకు పోయింది? వేడి ఇంజిన్ మీదే ప్లగ్గు విప్పడం, వంకరగా ఎక్కించడం, "ఇంకొంచెం బిగించు" అనడం. టార్క్ రెంచ్ వాడితే చిన్నతనం మనకి!

ఇంకో సంగతి. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం, 50 ఏళ్ళు దాటి, ఇంజిన్లో, బాడీలో మార్పులు చేయని సొంత బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు, 'వీఏ' నంబరుతో. రోజూ తిప్పడానికి కుదరదు, అది నిజమే. కానీ డీజిల్ ఇంజిన్ ఎక్కించిన రోజే ఆ దారీ మూసుకుపోతుంది.

చివరికి కడపలో ఒక లేత్ షాపులో హెలికాయిల్ వేయించాం. ఖర్చు కొత్త టైరు ధరలో సగం కూడా కాలేదు.

సీటు కవర్లకి వేలు పోసి, మర బాగుచేసే మేస్త్రీ దగ్గర వంద రూపాయలకి బేరమాడేది మనమే. ఈ హెడ్లు ఇక ఎవరూ పోతపోయరు. ఒక్కోటి పారేసినప్పుడల్లా ఒకటి తగ్గినట్టే. మీ ఇంట్లో కూడా పాత బండి ఉంటే, "మార్చేద్దాం" అనేవాడిని ఒక్క ప్రశ్న అడగండి: "బాగుచేయడం నీకు వచ్చా, రాదా?"