జలాశయాల్లో ఆగిపోయిన డెల్టా

వరదల రోజుల్లో మన పత్రికలు జలాశయాల నీటిమట్టాలతో ఓ చిన్న పట్టిక వేస్తాయి. శ్రీశైలం పూర్తి నిల్వ 215.8 టీఎంసీలు, నాగార్జునసాగర్ 312 టీఎంసీలు. ఇన్‌ఫ్లో ఎంత, అవుట్‌ఫ్లో ఎంత అని చూసేవాళ్లెవరూ ఆ పూర్తి నిల్వ అంకెల దగ్గర ఆగరు. ఆగాలని నా మనవి. శ్రీశైలం కట్టిన కొత్తలో ఆ అంకె 308. సాగర్‌ది 408. కృష్ణా మీదున్న ఈ రెండింట్లోనే దాదాపు 190 టీఎంసీల చోటు పూడిపోయింది. దాన్ని పోయిన నీళ్లుగా లెక్కపెట్టుకుని బాధపడుతున్నాం. అక్కడ మేట వేసింది మాత్రం మట్టి. అదంతా సముద్రపు ఒడ్డుకు చేరేది కాదు, కొంత నది అడుగునా, కొంత పొలాల మీదా ఆగేదే. కానీ కృష్ణా సముద్రంలో కలిసే చోటున్న దివిసీమ అంచును నిలబెట్టాల్సిన మట్టి కూడా అందులోనే ఉంది.

కృష్ణా, గోదావరి డెల్టాలు ఎలా పుట్టాయో ఉపగ్రహ చిత్రంలో స్పష్టంగా కనిపిస్తుంది. తీరానికి సమాంతరంగా ఇసుక దిబ్బల వరసలు ఒకదాని వెనక ఒకటి చాలా లోపలిదాకా ఉంటాయి. ఒక్కో వరస ఒకనాటి సముద్రపు ఒడ్డు. ఊళ్లు, కొబ్బరి తోటలు ఆ మిట్టల మీద, వరి మధ్య పల్లాల్లో. దిబ్బల్లో దొరికే గవ్వల వయసు కట్టి చూస్తే ఈ నేల సుమారు 6,000 ఏళ్లుగా సముద్రం వైపు పెరుగుతూ వచ్చిందని తేలింది. నది తెచ్చిన ఒండ్రు కెరటాలు కోసుకుపోయే దానికన్నా ఎక్కువగా ఉన్నంత కాలం డెల్టా పెరుగుతుంది. తక్కువైతే తరుగుతుంది. దీనికి మించిన రహస్యం ఇందులో లేదు.

తరుగుతోందని రుజువు చేయడమే కష్టం. పాత సర్వే ఆఫ్ ఇండియా పటాన్నీ, తర్వాతి ఉపగ్రహ చిత్రాన్నీ ఒకదానిపై ఒకటి పరిచి తేడా కొలవాలి. రెండింట్లోనూ కదలని గుర్తులు కావాలి: కాలువ లాకు, గుడి, రోడ్ల కూడలి. అవి సరిగ్గా కూర్చోకపోతే లేని కోత కనబడుతుంది. ఆటుపోట్ల తిప్పలు వేరు. మన డెల్టా ఒడ్డు ఎంత పల్లమంటే, పోటు వేళ తీసిన చిత్రానికీ ఆటు వేళ తీసినదానికీ నీటి అంచు చాలా జరిగిపోతుంది. అందుకే నీటి అంచును ఒక్కదాన్నే నమ్మకుండా, పోటు నీరు ఆగే గీతనూ, చెట్టూచేమా మొదలయ్యే అంచునూ చూస్తాం. ఆ తర్వాత కాలినడకన వెళ్లి సరిచూసుకోవాల్సిందే. మడ చెట్లు ప్రశాంతమైన పాయల బురదలో పెరుగుతాయి, కెరటాల ముందు మొలవవు. కాబట్టి బయటి ఒడ్డున, కెరటాలు కొట్టేచోట మడ మోడులూ నల్లని పాత బురదా తేలి కనిపిస్తే, ముందున్న ఇసుక తిన్నె వాటిని దాటుకుని లోపలికి జరిగిందని అర్థం. ఇంత గట్టి సాక్ష్యం ఏ చిత్రమూ ఇవ్వదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య కాకాని నాగేశ్వరరావు బృందం ఈ పనిని ఓపిగ్గా చేసి 2010లో ఫలితాలు ప్రచురించింది. జంట డెల్టాల తీరం 336 కిలోమీటర్లు. 1965 నుంచి 2008 వరకు, మేట వేసిన చోట్లను కూడా లెక్కలో కలిపాక, నికరంగా పోయిన నేల 76 చదరపు కిలోమీటర్లు. ఎకరాల్లో దాదాపు 18,800.

నన్ను కలవరపెట్టేది ఆ మొత్తం కన్నా దాని వేగం. 1965–90 మధ్య ఏడాదికి 1.39 చదరపు కిలోమీటర్లు పోయాయి. 1990–2000లో 2.32. ఆ తర్వాతి ఎనిమిదేళ్లలో 2.25, అంటే ఏటా 550 ఎకరాలకు పైనే. పెరిగిన వేగం మళ్లీ పాత స్థాయికి దిగలేదు.

కారణం డ్యాములేనని ఎలా చెప్పగలం? నదిలో తేలుతూ వచ్చే ఒండ్రును కొలిచే కేంద్రాల లెక్కలున్నాయి. కృష్ణా 1960ల చివర్లో ఏటా 90 లక్షల టన్నులు డెల్టాకు తెచ్చేది. 2000–05 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. గోదావరి 1970ల్లో 15 కోట్ల టన్నులు తెచ్చేది, 2000–06 నాటికి 5.7 కోట్లు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి: ఒకే నది మీద డ్యాముకు ఎగువ కేంద్రంలో ఒండ్రు ఎక్కువ, దిగువ కేంద్రంలో తక్కువ. ఎక్కడ చూసినా ఇదే వరస. మధ్యలో ఆగిన మట్టి ఎక్కడుందో శ్రీశైలం, సాగర్ అంకెలే చెబుతున్నాయి.

ప్రతి కోతనూ డ్యాముల ఖాతాలో వేయడం తప్పు. కాకినాడ దగ్గరి ఉప్పాడ తీరం సంగతి వేరు. అక్కడ హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె పెరగడం, కాకినాడ రేవు కట్టడాలు కలిసి కెరటాల దారినీ, ఒడ్డు వెంట ఉత్తరానికి నడిచే ఇసుకనూ మార్చాయని పరిశోధకులు చాలా కాలంగా అంటున్నారు. ఇళ్లు పోగొట్టుకున్న మత్స్యకారులకు ఏ కారణమైనా ఒకటే, నిజమే. కానీ కారణం తెలియకుండా పోసిన రాళ్లు, ఇసుక నింపి వేసిన జియోట్యూబులు కెరటాల ముందు నిలవలేదని అక్కడివాళ్లు కళ్లారా చూశారు. ఇసుక రాని ఒడ్డున గోడ కడితే కోత గోడ చివరికి, పక్క ఊరికి జరుగుతుంది.

ఇక కంటికి కనబడని భాగం. డెల్టా మట్టి మెత్తన, తన బరువుకు తానే కుంగుతుంది. పూర్వం ప్రతి వరదా కొత్త పొర పరిచి ఆ లోటు పూడ్చేది. ఇప్పుడు పూడ్చేది లేదు. 2009లో నేచర్ జియోసైన్స్‌లో 33 డెల్టాల మీద వచ్చిన అధ్యయనం కుంగుతున్నవాటిలో కృష్ణా, గోదావరులనూ చేర్చింది. దానికి తోడు సముద్రమట్టం పెరుగుతోంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో 10 వేల మందికి పైగా పోయారు. అంతటి ఉప్పెన మళ్లీ వస్తే, అప్పటికన్నా పల్లమైన నేల మీదికి, అప్పటికన్నా లోపలికి జరిగిన ఒడ్డు మీదుగా వస్తుంది. నాగాయలంక, కోడూరు వైపు పాయల వెంట ఎగదన్నే ఉప్పునీటికి కూడా ఇదే దారి.

డ్యాములు కూలగొట్టమని నేను అనను. ఆ నీళ్లతోనే మనం తింటున్నాం. కానీ నీటిని చుక్క చుక్క లెక్క కట్టి రాష్ట్రాల మధ్య పంచుకునే మనం, డెల్టాకు ఏటా ఇంత ఒండ్రు దక్కాలని ఎక్కడా రాసుకోలేదు. వరద పోటు మీదున్నప్పుడు అడుగు తూముల ద్వారా బురదనీటిని దిగువకు వదలడం ప్రపంచంలో కొత్తేమీ కాదు. ఏ జలాశయంలో ఎంత సాధ్యమో ఇంజినీర్లు తేల్చాలి.

గోదావరికి ఇంకా కొంచెం వ్యవధి ఉంది. దాని మీద కడుతున్న పోలవరం జలాశయంలో 194 టీఎంసీలు నిలిపే లోపే అంతర్వేది నుంచి భైరవపాలెం దాకా నదీముఖాలన్నిటి ఒడ్డును నేల మీద దిగి కొలిచి, ఎత్తులు నమోదు చేసి, పాయల్లో ఒండ్రు ఎంతుందో రాసిపెట్టాలి. అదే కొలత ప్రతి ఏడూ, అవే చోట్ల, వరద తగ్గాక మళ్లీ తీసి నీటి నిల్వల పట్టిక పక్కనే అచ్చువేయాలి. నిల్వ మొదలయ్యాక తీసిన కొలతలు ఎన్ని ఉన్నా, ముందు ఎలా ఉండేదో అవి చెప్పలేవు.