తల యూపు

మాటలు తెలియని దేశమున సైగలే దిక్కని పలువురి నమ్మకము. బల్గేరియాలో ఆ నమ్మకము చెల్లదు. అచటివారు తలను అడ్డముగా ఊపినచో ఔననియు, పైకెత్తి నిలువుగా ఆడించినచో కాదనియు అర్థము. సోఫియా నగరపు అంగడిలో రొట్టె యున్నదా యని అడిగిన తెలుగు విద్యార్థి, వర్తకుడు తల అడ్డముగా ఊపగానే లేదనుకొని మరలిపోవును. లోపల రొట్టె యుండనే యుండును! విదేశీయుని చూచి కొందరు మర్యాదకై అతని పద్ధతినే అనుసరింతురు. అప్పుడు చిక్కు మరింత ముదురును. ఆతిథేయుడు మారుటకంటె అతిథి నేర్చుకొనుటయే మేలు. ఇది భాష నేర్చుటకంటె కష్టము. నాలుక చెప్పినట్లు వినును గాని, మెడ చిన్ననాటి అలవాటును విడువదు. అది లొంగువరకు కంటిని గాక చెవినే నమ్మవలెను. ‘నె’ యనగా కాదు. ‘దా’ యనగా ఔను. రమ్మని పిలుచుట కాదు.