బొత్తాం ఉన్న మౌతార్గాన్

పిల్లలూ!

ఈ నెల మన ఉత్తరాల సంచిలో శ్రీకాకుళం జిల్లా భావనపాడు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినవాడు ఏడో తరగతి చదివే ఒక తమ్ముడు. అతను ఏమంటున్నాడో వినండి:

"మామయ్యగారూ! మా అన్న గుజరాత్‌లో వేరావల్ రేవున బోటు మీద పని చేస్తాడు. తన మొదటి జీతంతో నాకు మౌతార్గాన్ కొని పంపాడు. దానికి పది రంధ్రాలున్నాయి, పక్కన ఒక బొత్తాం ఉంది. నా స్నేహితుడి దానికి బొత్తాం లేదు గాని గట్టిగా మోగుతుంది. నాది ఎంత ఊదినా ఊపిరంతా తాగేస్తుందే తప్ప గట్టిగా పలకదు. రెండో రంధ్రం పీలిస్తే బొంగురుగా వస్తుంది. కింది స్థాయిలో 'ద' దొరకనే దొరకదు. అందరూ చెడిపోయిందంటున్నారు. విప్పి, సూదితో సరిచేద్దామనుకుంటున్నాను. జూన్‌లో అక్కడ వేట ఆపగానే అన్న ఇంటికి వస్తాడు. అప్పటికి ఒక్క పాటైనా వాయించాలి. వాద్యం చెడిందా, లేక నాకే చేతకాదా?"

తమ్ముడూ, ముందు ఆ సూది తీసుకుపోయి అమ్మకి ఇచ్చెయ్యి! తరువాత తీరిగ్గా మాట్లాడుకుందాం.

మౌతార్గాన్ లోపల ఏముంటుంది? ఒక లోహపు రేకు, దానికి సన్నని కంతలు, ఒక్కొక్క కంత మీద ఒక ఇత్తడి నాలుక. ఈ నాలుకనే రీడు అంటారు. దాని ఒక కొన బిగించి ఉంటుంది, రెండో కొన వదులుగా ఉంటుంది. గాలి తోస్తే నాలుక కంతలోకి వంగుతుంది, మళ్ళీ వెనక్కి వస్తుంది. గాలికి తలుపు టపటపా కొట్టుకుంటుంది చూశారూ, అలాగన్నమాట. తలుపు ఎన్నిసార్లు కొట్టుకుందో మనం లెక్కపెట్టగలం. రీడు సంగతి అలా కాదు. వాద్యాలు శ్రుతి చేసుకునేందుకు వాడే ఒక స్వరానికి అది సెకనుకు 440 సార్లు ఊగుతుంది. పొడుగు రీడు నెమ్మదిగా ఊగి మంద్రంగానూ, పొట్టి రీడు వేగంగా ఊగి తారంగానూ పలుకుతాయి. అంత సున్నితమైన నాలుకని సూదితో గీకితే బరువు మారుతుంది, శ్రుతి పోతుంది. పోయిన శ్రుతిని తిరిగి తేవడం నేర్పరులకే కష్టం.

ఇక బొత్తాం సంగతి. బొత్తాం లేని పది రంధ్రాల వాద్యంలో రంధ్రానికి రెండేసి చొప్పున 20 రీడ్లుంటాయి. ఒకటి ఊదితే పలుకుతుంది, ఒకటి పీలిస్తే పలుకుతుంది. నీ దానిలో ప్రతి రంధ్రం వెనక పైనొకటి, కిందొకటి రెండు గదులున్నాయి. గదికి రెండు రీడ్ల చొప్పున మొత్తం 40. బొత్తాం నొక్కితే లోపల ఒక పలక జరిగి ఒక గదిని మూసి రెండోది తెరుస్తుంది. రెండో గదిలోని స్వరాలు మొదటి గదివాటి కంటే అర మెట్టు ఎక్కువ.

పలక జరగాలంటే కాస్త సందు ఉండాలి గదా! బిగువుగా ఉంటే కదలదు, వదులుగా ఉంటే గాలి కారిపోతుంది. మీ ఊళ్ళో పడవ పలకల సందులోంచి నీళ్ళు ఊరడం నువ్వు చూసే ఉంటావు. ఇదీ అంతే. పన్నెండు రంధ్రాలు, 48 రీడ్లు ఉన్న పెద్ద వాద్యాలలో గాలి వృథా కాకుండా కంతల మీద పల్చటి రెక్కలు అతికిస్తారు. నీ తరహా వాద్యానికి సాధారణంగా ఆ రెక్కలు ఉండవు. అందుకే అది ఊపిరి ఎక్కువ అడుగుతుంది. అది లోపం కాదు, దాని స్వభావం. రెక్కలు లేకపోవడం వల్ల ఒక లాభం కూడా ఉంది. అది చివర చెబుతాను.

'ద' ఎందుకు దొరకలేదో చూద్దాం. మొదటి రంధ్రం ఊదితే స, పీలిస్తే రి. రెండోది ఊదితే గ, పీలిస్తే ప. మూడోది ఊదితే మళ్ళీ ప, పీలిస్తే ని. లెక్కపెట్టు: స, రి, గ, ప, ని. మ, ద రెండూ లేవు! ఎవరూ మరిచిపోలేదు. మూడు రంధ్రాలూ ఒక్కసారి ఊదితే స-గ-ప కలిసి ఇంపుగా మోగాలని, పాటకి తోడుగా ఉండాలని అలా అమర్చారు. నీ బొత్తాం మ-ని ఇస్తుంది. రెండో రంధ్రం ఊదుతూ బొత్తాం నొక్కు, శుద్ధ మధ్యమం వస్తుంది. నువ్వు వెతికే 'ద' మాత్రం బొత్తానికి కూడా అందదు. కాబట్టి నీ చేతకానితనమూ కాదు, వాద్యం చెడడమూ కాదు.

బొంగురు గొంతు సంగతి ఇప్పుడే పరీక్ష చేద్దాం. రెండో రంధ్రం పీల్చినా, మూడో రంధ్రం ఊదినా ఒకే 'ప' రావాలని చెప్పాను గదా. రెండూ వాయించి పోల్చి చూడు. మూడోది స్వచ్ఛంగా ఉండి, రెండోది కాస్త దిగినట్టు వినిపిస్తే తప్పు చాలావరకు నీ దవడదే! నువ్వు నోరు బిగించి బలంగా లాగుతున్నావు. దవడ వదులు చెయ్యి, ఆవలించేటప్పటిలా గొంతు తెరువు, నెమ్మదిగా పీల్చు. కొత్తవాళ్ళందరికీ ఈ రెండో రంధ్రం ఏడిపించేదే. పదిరోజులు ప్రయత్నించు. అప్పటికీ మారకపోతే వాద్యాలు బాగుచేసేవారికి చూపించు.

పాటకి మధ్య రంధ్రాలే హాయి. నాలుగు ఊదు, పీల్చు: స, రి. అయిదు ఊదు, పీల్చు: గ, మ. ఆరు ఊదు, పీల్చు: ప, ద. ఏడు దగ్గర జాగ్రత్త, అక్కడ వరుస తిరగబడుతుంది. ముందు పీలిస్తే ని, తరువాత ఊదితే పై స. ఇది శంకరాభరణం. రి, ద దగ్గర పీల్చడం మాని, బొత్తాం నొక్కి నాలుగునీ, ఆరునీ ఊదు. అదే మాయామాళవగౌళ! సంగీతం నేర్చుకునేవాళ్ళు సరళి వరుసలు మొదలుపెట్టే రాగం. చూశావా, బొత్తాం ఎంత మేలు చేసిందో!

"ఇది జర్మనీ సరుకు, దీని మీద మన రాగాలేమిటి?" అని ఎవరైనా నవ్వితే నవ్వనీ. జర్మనీలోని ట్రోసింగెన్‌లో హోనర్ గారు 1857లో వీటి తయారీ మొదలుపెట్టిన మాట నిజమే. కాని రీడుతో పలికే వాద్యాలు చైనాలో ఎంతో పూర్వం నుంచీ ఉన్నాయి. వయొలిన్ మాత్రం సముద్రం దాటి రాలేదా? విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టారు. తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. అక్కడే వయొలిన్ నేర్పి, 1936లో అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ పరాయి వాద్యాన్ని మన ఇంటి బిడ్డని చేశారు.

అయితే ఒక చిక్కు ఉంది. మన సంగీతానికి గమకం ప్రాణం. హార్మోనియం మెట్ల మీద అది పలకదనే ఆక్షేపణతో ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గాని ఆ కట్టు సడలలేదు. నీ బొత్తాం కూడా మెట్టులాంటిదే, ఒక స్వరం నుంచి ఇంకొక స్వరానికి గెంతుతుంది. ఇక్కడే రెక్కలు లేని లాభం కనబడుతుంది. మూడో రంధ్రం పీలుస్తూ నాలుకని మెల్లగా వెనక్కి జరిపితే, ఒకే గదిలోని రెండు రీడ్లూ కలిసి ఊగి, 'ని' ఇసుకదిబ్బ మీంచి జారినట్టు 'ద' దాకా దిగుతుంది. నీకు దొరకని 'ద' అదే! ఈ విద్యకి వారాలు కాదు, నెలలు పడుతుంది. జూన్‌కి రాకపోయినా బెంగపడకు.

ఇక భావనపాడు గాలి. మీ పక్కనే నౌపడాలో ఆ సముద్రపు నీటితోనే ఉప్పు పండిస్తారు. ఉప్పుగాలికి ఇత్తడి చిలుము పడుతుంది, పలక అంటుకుంటుంది. వాయించే ముందు నోరు పుక్కిలించు. అయ్యాక రంధ్రాలు కిందికి పెట్టి అరచేతిలో తట్టు, తడి ఆరనిచ్చి పెట్టెలో దాచు. లోపల చెక్క ఉన్నదైతే నీళ్ళలో ముంచవద్దు, ఉబ్బుతుంది.

అమ్మలారా, నాన్నలారా! మొదటి నెల ఇంట్లో కీచురొదే ఉంటుంది. కసరకండి. వాకిట్లో కూర్చుని వాయించుకోమనండి.

తమ్ముడూ, అన్న వచ్చినప్పుడు సరళి వరుస ఒక్కటి తప్పులేకుండా వినిపించు. మొదటి జీతం ఎక్కడికి చేరిందో అతనికి తెలుస్తుంది. ఆ రోజు ఏం జరిగిందో మాకు తప్పక రాయి.

— మీ మామయ్య