ఆ లోయలో విమానం దిగితే..!

ఆకాశంలో పాలపుంత ఉన్నట్టే నేలమీద తమ నది ఉందని నమ్మేవారు ఇంకాలు. పెరూలోని ఉరుబాంబా నది అది. అది పారే లోయే 'సేక్రెడ్‌ వ్యాలీ'... అంటే, పవిత్ర లోయ. కొండవాలున ఇంకాలు రాతిగోడలతో కట్టిన మెట్ల పొలాల్లో ఇప్పటికీ మొక్కజొన్న పండుతోంది. పిసాక్‌ కొండల మీద క్వెచువా రైతులు వెయ్యికిపైగా బంగాళాదుంప రకాల్ని కాపాడుకుంటున్నారు.

మాచుపిచ్చు చూడ్డానికి వెళ్లేవారిలో చాలామంది ఈ లోయ మీదుగానే వెళ్తారు. చిక్కంతా అక్కడే! మాచుపిచ్చుకైతే 2024లో పరిమితిని రోజుకి 4,500 మందిగా, రద్దీ రోజుల్లో 5,600గా నిర్ణయించారు. మరి, లోయ మొత్తానికీ గేటు పెట్టలేరు కదా!

కుస్కో నగరం నడిబొడ్డున ఉన్న విమానాశ్రయం చాలడం లేదనీ, లోయ అంచునున్న చించెరోలో పెద్దది కట్టాలనీ దశాబ్దాల నాటి ఆలోచన. సముద్రమట్టానికి 3,700 మీటర్లకుపైగా ఎత్తున్న ఆ ఊళ్లోనే ఒకప్పుడు ఇంకా చక్రవర్తి టుపాక్‌ యుపాంకి విడిది ఉండేది. 2019లో అక్కడ మట్టిపనులు మొదలవగానే దాదాపు 200 మంది పురావస్తు, చరిత్ర నిపుణులు పని ఆపమంటూ దేశాధ్యక్షుడికి లేఖ రాశారు. విమానాల మోతకీ అదురుకీ పాత కట్టడాలు దెబ్బతింటాయనీ, కుస్కోకి మంచినీళ్లిచ్చే పియురాయ్‌ సరస్సు ఎండిపోతుందనీ వారి భయం. ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాలంటూ వరల్డ్‌ మాన్యుమెంట్స్‌ ఫండ్‌ ప్రకటించిన 2020 జాబితాలోనూ ఈ లోయ చేరింది.

అలాగని ఊరంతా వద్దనలేదు. పొలాలు ఇష్టపడే ఇచ్చినవాళ్లూ ఎక్కువే. బస్సు దిగి, నేతపని చూసి, ఫొటో తీసుకుని గంటలో వెళ్లిపోయే పర్యటకుడి వల్ల తమకి మిగిలేదెంతన్నది వారి ప్రశ్న. విమానాశ్రయం వస్తే పిల్లలు పనికోసం లిమా పోనక్కర్లేదన్నది ఆశ. కాదనడానికి ఎవరికి నోరొస్తుంది?

అదే ప్రాంతంలోని మరాస్‌ది మరో దారి. అక్కడ ఒకే ఒక్క ఉప్పునీటి ఊట నుంచి కాలువలు తీసి, మూడువేలకుపైగా మడుల్లో ఉప్పు పండిస్తారు. ఏ మడి ఏ కుటుంబానిదన్న లెక్క ఉంటుంది. చూడ్డానికొచ్చినవాళ్లు గట్లమీద నడుస్తూ, నీళ్లలో చేతులు పెడుతూ ఉంటే ఉప్పు పాడవుతోందని 2019లో మడుల మధ్యకి రాకుండా ఆపేశారు. దూరం నుంచే చూసి వెళ్లాలి. ఆ నిర్ణయం తీసుకున్నది ఎక్కడో రాజధానిలోని అధికారులు కాదు, మడుల యజమానులైన ఊరివాళ్ల సంస్థే. టికెట్‌ డబ్బు కూడా వాళ్లకే చేరుతుంది. అందుకే, అతిథిని రమ్మనడమూ, ఇక్కడిదాకానే అని చెప్పడమూ రెండూ వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి.

చించెరో రైతు చేతుల్లో లేనిది అదే!