ప్రతి నొప్పీ నీళ్ళ వల్ల కాదు



మన నల్లగొండలో అరవై దాటినవారికి కీళ్ళు పట్టేస్తే ఇంట్లో ముందుగా వచ్చే మాట "ఫ్లోరైడ్ నీళ్ళు". పాలమూరులోనైతే "వయసు, రెక్కల కష్టం". ఆ మాటల్లో నిజముంది. 2016లో మొదలైన మిషన్ భగీరథతో కృష్ణా నీరు వచ్చినా, మర్రిగూడ, మునుగోడు వైపు అప్పటికే వంగిన ఎముకలు తిరిగి సరికాలేదు. అయితే ప్రతి నొప్పినీ నీళ్ళ మీద, వయసు మీద నెట్టేస్తే లూపస్ వంటి జబ్బు బయటపడకుండా పోతుందని నా అభిప్రాయం.

లూపస్ అంటే ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తి ఒంటి మీదికే తిరగబడటం. ఇది ఎక్కువగా వయసులో ఉన్న స్త్రీలకు వస్తుంది. కానీ యాభై దాటాక మొదలయ్యేవారూ ఉన్నారు, వారిలో పురుషులూ ఉన్నారు. పెద్దవారిలో ముఖం మీద ఎర్రమచ్చ తక్కువగా కనిపిస్తుంది. జబ్బు మెల్లగా మొదలవుతుంది: విడవని నీరసం, సన్నజ్వరం, బరువు తగ్గడం, కళ్ళు, నోరు ఎండిపోవడం, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం. నీరు చేరితే టి.బి. అనుకోవడం తప్పు కాదు. పరీక్షించకుండా అక్కడే ఆగడం తప్పు. ఫ్లోరోసిస్ కీళ్ళను బిగిస్తుంది గాని జ్వరం తేదు. ఈ తేడా గుర్తుంచుకోండి.

మరో ఆపద నొప్పి సూది. అందులో స్టెరాయిడ్ ఉంటే నాలుగు రోజులు హాయిగా ఉంటుంది. కానీ అది జబ్బును కప్పిపెడుతుంది, షుగరు, బి.పి. పెంచుతుంది. ఏ మందు ఇస్తున్నారో అడగండి, చీటీ మీద రాయించుకోండి.

ఇలాంటి లక్షణాలు వారాల తరబడి ఉంటే సి.బి.పి., మూత్ర పరీక్ష చేయించండి. అవసరమైతే డాక్టరు ఏ.ఎన్.ఏ. పరీక్ష రాస్తారు. అది ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలోనూ పాజిటివ్ రావచ్చు గనుక రిపోర్టు చూసి బెంబేలు పడవద్దు. వాడుతున్న మందులన్నీ వెంట తెచ్చి చూపించండి. టి.బి.కి ఇచ్చే ఐసోనియాజిడ్ వంటివి అరుదుగా లూపస్ లక్షణాలు తెస్తాయి. అయినా మీ అంతట మీరు ఏ మందూ మానవద్దు.

లూపస్ అంటువ్యాధి కాదు, శాపమూ కాదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ వంటి మందులతో చాలామందిలో అదుపులో ఉంటుంది. ఆ మందు వాడేవారు కంటి పరీక్ష మరువకూడదు.

సువార్తలోని రక్తస్రావముగల స్త్రీ పన్నెండేండ్లు బాధపడింది. మన ఇంటి అవ్వలను, తాతలను అన్నేండ్లు ఓర్చుకోనివ్వవద్దు. వారికోసం ప్రార్థన చేద్దాం, పరీక్షకూ తీసుకువెళ్దాం.