మల్బరీ ఆకునకు పట్టిన తెగులు

హిందూపురము పట్టుగూళ్ల మార్కెట్టులో నేడు పలికిన ధర యెంత యని విచారించువారు పెక్కుమంది గలరు గాని, ఆ గూటికి మూలమైన మల్బరీ ఆకును గురించియు, వానలు పట్టగానే దానిపై పొడసూపు బాక్టీరియా మచ్చతెగులును గురించియు యోచించువారు మిక్కిలి అరుదు. ధర్మవరము మగ్గములపై నేయబడు చీరకు గాని, మరి యే పట్టుచీరకు గాని, తొలిపోగు ఆకునందే జనించుచున్నది గదా!

సూడోమోనాస్ జాతి సూక్ష్మజీవి ఈ రోగమునకు కారణము. నీట నానినట్లు కానవచ్చు చిన్న మచ్చలు క్రమముగా గోధుమ, నలుపు వర్ణములు దాల్చి, ఒకదానితో నొకటి కలిసిపోగా, ఆకు ముడుచుకొని కుళ్లిపోవును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు అనంతపురము సీమలో ఇది సర్వకాలముల నుండు బాధ గాదు. కాని ఏ వానకై రైతు ఆకాశము వంక చూచుచుండునో ఆ వాన చినుకులే చెదరి రోగమును ఆకునుండి ఆకునకు చేర్చుచున్నవి.

మందు చల్లరాదా యందురేమో. పట్టుపురుగు తాను జీవితకాలమున మేయు ఆకులో నూటికి 80 పాళ్లకు పైగా కడపటి దశయందే మేయును. అనగా ఆకు అత్యధికముగా కావలసిన దినములలోనే మందు తగిలిన ఆకును వేయరాదన్నమాట. అదియునుగాక, క్షయరోగులను బ్రతికించుటకై వైద్యలోకమునకు లభించిన స్ట్రెప్టోమైసిన్ వంటి ఔషధమును తోటలపై విచ్చలవిడిగా గుమ్మరించినచో దానికి లొంగని క్రిములు ప్రబలును. ఇది నాకు సమ్మతము గాదు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, సలీనాస్ లోయలో, సలాడునకై లెట్యూస్ ఆకుకూరను పండించువారికిని ఇట్టి మచ్చతెగులే తటస్థించుచున్నది. ఎంతటి సంపన్నులైనను వారికి దానిని సమూలముగా మాన్పు మందు లభింపలేదు. కావున శుద్ధమైన విత్తనమును, పంటమార్పిడిని, ఆకు తడియకుండ నీరు పెట్టుటను వారు ఆశ్రయించిరి.

మనకును త్రోవ అదియే. జంటసాళ్ల నడుమ 150 సెంటీమీటర్ల ఎడము విడిచి నాటిన తోటలో గాలివెలుతురులు చక్కగా ప్రసరించి తడి త్వరగా ఆరును. బిందుసేద్యమున నీరు వేరునకే చేరును. తెగులు సోకిన ఆకులను, కొమ్మలను గట్టున పారవేయక ఏరి కాల్చినచో మరుసటి పంటకు మిగులు రోగబీజము తగ్గును. పెనుకొండ పరిసరములలోని చిన్నరైతు ఒక్కకొమ్మయు వదలుకొన లేక మచ్చపడిన ఆకునే పురుగులకు వేయుట నేనెరుగుదును. అతని లేమిని నిందింపజాలను. కాని సారము తరిగిన ఆకు మేసిన పురుగు బలహీనమై, గూడు పలుచనై, నష్టము మరల అతనినే చేరుచున్నది.

హిందూపురము చెంతనే కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధనాభివృద్ధి సంస్థ గలదు. అందలి శాస్త్రజ్ఞులును పట్టుపరిశ్రమ శాఖాధికారులును తెగులు ముదిరిన పిదప గాక, తొలకరికి ముందే తోటలకు రావలెను. బిందుసేద్యపు రాయితీ ఎకరము, రెండెకరముల మల్బరీ రైతునకే ముందుగా అందవలెనని ప్రభుత్వమును కోరుచున్నాను.